కూరగాయల పంపకం

2025 జనవరి 3, శుక్రవారం

పండుగ ఇక్కడే, సూర్యాపేటలనే. అత్తమ్మ తేల్చేసింది. మిర్యాలగూడ రమ్మని మా నడిపి తోటికోడలు, నడిపామె, నెల రోజుల నుంచి పోరు పెడుతున్నది. కొత్త ఇల్లు, పెద్ద హాలు, కింద కూర్చోలేనోళ్ళకు టేబుళ్ళు. "నా మోకాళ్ళు ఈ గడప దాటం అంటున్నయ్ బిడ్డా," అన్నది అత్తమ్మ ఫోన్‌ల. అయిపోయింది.

పిల్లాజెల్లా కలిపి ఇరవై నాలుగు మంది. అన్ని కూరలు నేనొక్కదాన్నే కోసుడు అయ్యే పని కాదు. పంచాలె. ఎవరింట్ల వాళ్ళు బాగుచేసి డబ్బాలల్ల పెట్టుకొని తేవాలె.

పంచుడు అనంగనే పొలమే యాదికొస్తది. కాల్వ కింది ఎకరన్నర.

జనవరి 5, ఆదివారం

నోటు పుస్తకం వెనక రాసిన. నడిపామెకు చిక్కుడుకాయ మూడు కిలోలు. కోదాడల ఉండే చిన్న తోటికోడలు, చిన్నామెకు పుంటికూర, బెండకాయ. గుమ్మడికాయ, సొరకాయ, వంకాయ, ఆలుగడ్డ, ఎల్లిగడ్డ, ఇంకా పేరు లేని పనులన్నీ నాకు.

చిక్కుడు కావాలనే ఆమెకు రాసిన. మూడు కిలోలంటే మాటలా. రెండు దిక్కుల ఈనె తీయాలె, కాయ కాయ విప్పి పురుగు చూడాలె, గిల్లాలె. కూర్చున్నదాని నడుముకే తెలుస్తది. ఆమె కూర్చోదులే. పనామె కూర్చుంటది. తెలిసే రాసిన.

ఫోన్ చేసి చెప్తే, "అక్కా, క్యాటరింగోళ్ళకు చెప్దామా? ఖర్చు నేను చూసుకుంట. అందరం సుఖంగ కూర్చోవచ్చు," అన్నది.

ఖర్చు నేను చూసుకుంట. ఆ మాట ఎన్నిసార్లు విన్ననో.

"అత్తమ్మ తినదు," అన్న. అత్తమ్మ పక్క గదిలనే ఉంది. అడగలే.

జనవరి 8, బుధవారం

బడి నుంచి అటే మార్కెట్‌కు. ఇయ్యాల కొన్నవి ఆగేవి మాత్రమే. ఆలుగడ్డ, ఎల్లిగడ్డ, చింతపండు, గుమ్మడికాయ. వంకాయ భోగి నాడు. కొత్తిమీర పండుగ పొద్దున్నే.

గుమ్మడికాయ దగ్గరనే పొద్దుగూకింది. తొడిమె ఎండి ఉండాలె. గోరు గుచ్చితే దిగొద్దు. లేపితే చూపుకన్న బరువు ఉండాలె. అట్లాంటిది మంచం కింద పెడితే నెలల తరబడి ఉంటది. కత్తి పడ్డదంటే మూడు రోజులే, అదీ లోపలి గింజలు, మెత్తటి గుజ్జు గీకి పారేస్తేనే. కుళ్ళు అక్కడి నుంచే మొదలైతది.

అమ్మే ఆమె సగం కోసిస్త అన్నది. వద్దన్న. ఇరవై నాలుగు మందికి సగం ఏం సరిపోతది.

జనవరి 9, గురువారం

రాత్రి తిరుపతిల టోకెన్ల కాడ తొక్కిసలాట. ఆరుగురు పోయిండ్రు. పొద్దున టీవీ పెడితే అత్తమ్మ బంద్ చేయమన్నది. రేపు వైకుంఠ ఏకాదశి. దేవుణ్ణి చూడ పోయినోళ్ళు.

బడికి పోయి వచ్చిన. ఎవ్వరితోని మాట్లాడ బుద్ధి కాలే. పొద్దున నూనె రాసి ఎండకు పెట్టిపోయిన ఎల్లిగడ్డ ఉంది. గుడ్డల మూటగట్టి రుద్దితే పొట్టు ఊడొచ్చింది. ఊడనివి ఒక్కొక్కటి గోటితోని తీసుకుంట కూర్చున్న, చీకటి పడేదాంక.

జనవరి 10, శుక్రవారం. ముక్కోటి

అత్తమ్మ ఒక్కపొద్దు. కడుపు కాలుతుంటే నోరు ఊరుకుంటదా. పొద్దటి నుంచి కూరగాయల మీదనే.

"మా అత్త కాలంల ఫ్రిజ్‌లున్నయా? రాత్రి కోసేవి వేరే, తెల్లారి కోసేవి వేరే. చిక్కుడు, గోరుచిక్కుడు రాత్రి గిల్లి, పొడిగుడ్డల చుట్టి, గంపల పెట్టేది. కడిగితివా, తెల్లారేసరికి జిగట. వంకాయ ఆగదు. దానికి ఓపిక లేదు. నూనె కాగినంకనే దాని మీద చెయ్యి వెయ్యాలె."

పుంటికూర సంగతీ చెప్పింది. ఆకు తెంపి రాత్రంత మంచం మీద బట్ట పరిచి ఆరబొయ్యాలె. ఆకుల నీళ్ళుంటే పచ్చడి రెండో నాటికే నురుగు కడతది.

వాకిట్ల ఐదు కత్తిపీటలు ఉండేటియంట. ఒక్క కందిలి. ఐదుగురు తోటికోడళ్ళు.

"కొట్లాడుకోలేదా?" అన్న.

"చేతుల కత్తిపీట పెట్టుకొని ఎవరు కొట్లాడ్తరే," అన్నది.

రేపట్నుంచి సెలవులు. బడిల ముగ్గుల పోటీ అయింది. చేతులకు ఇంకా రంగు పోలే.

జనవరి 11, శనివారం

నడిపామె ఫోన్. ఈసారి నోము పట్టుకున్నదట. పదమూడు వాయినాలు సర్దుకోవాలె, బట్టలు, పసుపు, కుంకుమ. "టైమే ఉంటలేదక్కా."

అంటే? చిక్కుడు నాకే వస్తుందా?

"చిక్కుడు సంగతి?" అన్న, గొంతు మామూలుగనే పెట్టి.

"తెస్తలే అక్కా. రాసిచ్చినవు కద."

రాసిచ్చినవు కద. అట్లెందుకన్నది. పొలం కాగితాల నాడు ఈ మాటే నేనన్న. యాది పెట్టుకున్నదా, ఊరికే అన్నదా.

ఈయనకు చెప్తే, "పండుగ పూట లెక్కలెందుకు," అని పేపరు మడిచిండు. మడిచిన పేపరు మళ్ళ తెరిచిండు.

జనవరి 12, ఆదివారం

బిడ్డ, అల్లుడు, మనుమరాలు వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. హైదరాబాద్ నుంచి తెల్లారగట్లనే బయల్దేరిండ్రు. పంతంగి టోల్ కాడనే ఎండెక్కిందట. ఆంధ్రోళ్ళంత ఊళ్ళకు పోతున్నరు. హైవే మీది హోటళ్ళ ముందట కార్లు నిలబెట్ట జాగ లేదు. మనుమరాలు దిగంగనే నిద్రపోయింది, ఒక కాలికి చెప్పుతోనే.

చిన్నామెకు ఫోన్ చేసిన. బెండకాయ ఇయ్యాలనే తుడిచి కోసి ఫ్రిజ్‌ల పెట్టుకో, రేపు బస్సుల తొందర ఉండదు అని. ఒక్క నిమిషం మాట లేదు. "రేపు ఆడికొచ్చే కోస్తలే అక్కా."

"పుంటికూరన్న తెంపి పెట్టు."

"చూస్తలే."

ఎప్పుడూ ఇట్ల అనదు. అందరికంటె ముందు పని ముగించేది ఆమెనే. సెప్టెంబర్‌ల ఆ ఆదివారం, కాగితరామచంద్రాపురం కాడ సాగర్ ఎడమ కాల్వ తెగిన నాడు, కోదాడ బజార్లల్ల వరదకు కార్లు కొట్టుకపోయిననాడు కూడ, "మేం మంచిగనే ఉన్నం అక్కా, ఇంట్లకు నీళ్ళు కొద్దిగ వచ్చినయ్ అంతే," అన్నది. కొద్దిగ అంటే ఎంత? మేం పోదామనుకున్నం. బడి, అత్తమ్మ, దారి. పోనే లేదు.

జనవరి 13, సోమవారం. భోగి, పొద్దున

మంట దగ్గర మనుమరాలు ఒక పిడక వేసి చప్పట్లు కొట్టింది. పొగకు అత్తమ్మ దగ్గు.

పదింటికి చిన్నామె దిగింది, కొడుకుతోని. రెండు సంచులు, చంకల ఒక మూట. జీరో టికెటే గాని నిలబడ జాగ లేదట. విజయవాడ దిక్కు నుంచి వచ్చేటోళ్ళు, పోయేటోళ్ళు. కొడుకును ఎవరి ఒళ్ళనో కూర్చోబెట్టిందట.

మూట విప్పింది. పుంటికూర. సగం తెంపి ఉంది, సగం కట్టలు కట్టలే.

"మునగాల దాటంగనే సీటు దొరికిందక్కా. నాలుగు కట్టలు తెంపిన. పక్క సీటు ఆమె ఊకె చూస్తుండె, ఆమెకూ ఒక కట్ట ఇచ్చిన. కాడలు కిటికీల నుంచి పారేసుకుంట తెంపింది పాపం. సూర్యాపేట రాంగనే కొంగుల ఆకు నా మూటల గుమ్మరించి, పండుగ మంచిగ చేసుకోండి అన్నది."

ఎవరో ఏమో ఆమె. చిన్నామె ఊరు పేరు కూడ అడగలేదట.

భోగి, రాత్రి

మనుమరాలికి సాయంత్రం భోగిపండ్లు పోసినం. రేగుపండ్లు ఏరుకొని తిన్నోళ్ళే ఎక్కువ.

గుమ్మడికాయకు మొదటి దెబ్బ మగోళ్ళే వెయ్యాలె కద. ఈయనను పిలిస్తే పనికి పోయినట్టు చేతులు మడుచుకొని వచ్చిండు. ఒక్క వేటు. కాయ రెండు చెక్కలు. టీ అడిగిండు. మిగిలిన గంట పని, గింజలు తీసుడు, చెక్కు తీసుడు, ముక్కలు కొట్టుడు, మాది.

ఏడింటికి నడిపామె కారు. మరిది వెనక నుంచి డబ్బాలు దించుతున్నడు. నాలుగు స్టీలు డబ్బాలు. మూత తీసి చూసిన. చూడాలనే తీసిన.

లేతవి ఒక డబ్బల. గింజ పట్టినవి ఒక దాంట్ల. ముదిరినవాటి గింజలే వొలిచి చిన్న డబ్బల వేరేగ. తోలు పారేసింది. అన్నీ గిల్లినవే, చాకు పెట్టలే. చాకుతోని కోస్తే అంచు గోధుమ రంగు తిరుగుతది. నాలుగో డబ్బల పొడిగుడ్డ పరిచి ఉంది, అత్తమ్మ చెప్పినట్టే. పది కాయలు తీసి ఈనెల కోసం చూసిన. ఒక్క దానికి దొరకలే.

పనామె ఇంత చేస్తదా అనుకుంట తల ఎత్తిన. నడిపామె గాజులు వెనకకు తోసుకుంటున్నది. కుడిచేతి బొటనవేలు గోరు నల్లగ ఉంది. గోరు సందుల పసరు. సబ్బు పెడితే పోయేది కాదు అది.

నేనేం అనలే. ఆమెనూ ఏం అనలే. "ఫ్రిజ్‌ల జాగ ఉందా అక్కా?" అన్నది. లేదు. పాలు, పెరుగు, గుమ్మడి ముక్కలు, మనుమరాలి మందులు. డబ్బాలు వెనక అర్రల నాపరాయి మీద పెట్టినం. జనవరి చలికి ఒక్క రాత్రి ఏం గాదు.

తొమ్మిదింటికి ముగ్గురం కింద కూర్చున్నం. అత్తమ్మ మంచం మీద. బెండకాయ తుడిచి చిన్నామె కోస్తున్నది. తడి తగలనిస్తే బంకే, అందుకని చేతులు మాటిమాటికి కొంగుకు తుడుచుకుంటున్నది. నడిపామె మిగిలిన పుంటికూర ముందట వేసుకుంది. నేను సొరకాయ. చివర ముక్క కోసి అత్తమ్మ నాలుక మీద పెట్టిన. సొరకాయ ఎవరు కోసినా రుచి ఆమెనే చూడాలె. చేదుంటే కాయకు కాయే పెంటకుప్పకు పోవాలె, పులుసుల చక్కెర వేసి సరిచేసేది కాదది, విషం. అత్తమ్మ నోరు ఆడించి ఆడించి, "కొయ్యి," అన్నది.

అప్పుడే చిన్నామె కొడుకు నీళ్ళ సీసతోని వచ్చిండు. మూడోసారో నాలుగోసారో. "పెద్దమ్మా, మీ ఫ్రిజ్ మంచి సల్లగుంది. మా దాంట్ల బట్టలు పెట్టుకుంటం."

"బట్టలేందిరా?"

"నీళ్ళల్ల మునిగింది కద. అప్పటి నుంచి నా స్కూలు డ్రెస్సు పై అరల, చెల్లెవి కింద."

చిన్నామె వాణ్ణి కసిరింది. తర్వాత కత్తిపీట దిక్కే చూసుకుంట చెప్పింది. నడుముల దాంక వచ్చినయట. దుకాణంల జెరాక్స్ మిషన్ పోయింది. అది ముందు కావాలె కద, అది నడిస్తేనే ఇల్లు నడిచేది. ఫ్రిజ్ తర్వాత చూద్దాం అనుకున్నరట. "ఎండకాలం దాంక దాంతోని పనేముందక్కా."

అత్తమ్మ, "నాకెవ్వరూ చెప్పలేదేమే," అన్నది. నేనూ అదే అనబోయిన.

నడిపామె తల ఎత్తలే. ఆకు తెంపుతనే ఉంది. కొత్త సంగతి విన్నోళ్ళు అట్ల తెంపరు.

ఎప్పటి నుంచి తెలుసు ఆమెకు? క్యాటరింగ్ అన్నది అందుకా? మిర్యాలగూడకే రమ్మన్నదీ అందుకేనా?

పన్నెండు దాటింది. పుంటికూర బట్ట మీద ఆరబోసి పడుకున్నం. అర్రంత పుల్లటి వాసన.

జనవరి 14, మంగళవారం. సంక్రాంతి

నాలుగున్నరకు లేచిన. నాకంటె ముందే నడిపామె వంటింట్ల ఉంది. చింతపండు నానేసింది. వంకాయలకు నాలుగు గాట్లు పెట్టి ఉప్పునీళ్ళల్ల వేస్తున్నది. మనుమరాలు కళ్ళు నలుపుకుంట వచ్చి, నీళ్ళల్ల ఎందుకు అన్నది. కోసిన చోట గాలి తగిలితే నల్లబడతది, నీళ్ళల్ల ఉంటే గాలి తగలదు అని చెప్పింది నడిపామె. నేను ఐదో తరగతికి చెప్పే పాఠం. నాకంటె మంచిగ చెప్పింది.

ఎక్కువసేపు ఉంచొద్దు అన్న. తెలుసు అన్నది.

గుత్తివంకాయ, చిక్కుడు టమాట, బెండకాయ వేపుడు, ఆలుగడ్డ, గుమ్మడికాయ పులుసు, సొరకాయ పప్పు, పుంటికూర పచ్చడి, పులిహోర, గారెలు, పరమాన్నం. ఒంటిగంటకు మొదటి బంతి. ఎవరు ఏది ఎంత తిన్నరో చూడలే. వడ్డించెటోళ్ళకు ఆకులు తప్ప మొఖాలు కనబడయి.

అత్తమ్మ చిక్కుడు రెండోసారి వేయించుకుంది. "ఒక్క ఈనె తగల్లే. ఎవరు గిల్లిండ్రే?"

"అందరం గిల్లినం అత్తమ్మా," అన్నది నడిపామె.

ఎందుకట్ల చెప్పింది. నేను నోరు తెరిచేలోపే గారెలు అడిగిండు ఎవరో.

జనవరి 15, బుధవారం. కనుమ

ఇయ్యాల కూరగాయ ఊసే లేదు. నాటుకోడి, మటన్, మగోళ్ళ పెత్తనం. ఉల్లిగడ్డ కోసుడు మాత్రం మాకే.

పిల్లలంత వెంకటేశ్ సినిమాకు పోయిండ్రు. టికెట్లు దొరికేదాంక ఇల్లు పీకి పందిరేసిండ్రు. నిన్నటి గుమ్మడి పులుసు అడుగున కొంచెం ఉంటే నిలబడే తాగేసిన. నిన్నటికంటె బాగుంది. ముక్క పులుసు పీల్చుకుంది.

తిన్నంక నడిపి మరిది కాల్వ కింది పొలం మాట ఎత్తిండు. యాసంగి నాట్లు పడుతున్నయ్, కౌలు సంగతి తేల్చాలె అని. ఈయన గొంతు సవరించుకున్నడు. నడిపామె లోపలి నుంచి, "ఇయ్యాల వద్దు," అన్నది. గట్టిగ కాదు. మరిది లేచి వక్కపొడి కోసం పోయిండు.

మంచికి అన్నదా, టైమ్ చూసుకొని అడుగుదామని అన్నదా. ఏమో.

జనవరి 16, గురువారం

అందరూ పోయిండ్రు. తిరుగు ప్రయాణాలు మొదలైనయ్, బిడ్డ ఫోన్ చేసి చిట్యాల కాడ నిలబడ్డం అన్నది. ఇల్లు బోసిపోలే, ఊపిరి పీల్చుకుంది. నిజం చెప్పాలంటే నాకూ అట్లనే ఉంది.

చిన్నామె సంచి సర్దిన. వండిన కూరలు పెట్టబోయి ఆగిన. సకినాలు, అరిసెలు, కోయని సొరకాయ, పొట్టు తీయని ఎల్లిగడ్డ, పుంటికూర పచ్చడి కాదు, ఉసిరికాయ తొక్కు. ఆమె సంచిలకు చూసింది. నన్ను చూసింది. "ఇవైతే ఆగుతయ్ అక్కా," అన్నది. నవ్విందా? బస్సు టైమైంది.

నడిపామె పోయేముందు వాయినం ఇచ్చింది నాకు. స్టీలు డబ్బ. చిన్నామెకూ అదే. పదమూడు మందిల మా ఇద్దరివి కొంచెం పెద్దవి అనిపించింది. కొలిచి చూడలే.

జనవరి 19, ఆదివారం

నేనే ఫోన్ చేసిన మిర్యాలగూడకు. ఎన్నాళ్ళయింది నా అంతట నేను చేసి. పండుగ బాకీ ఏమన్న ఉందా అన్నట్టు ఎత్తింది.

"నీకెట్ల తెలిసింది?" అన్న.

కార్తీకంల మట్టపల్లి పోయి, వచ్చేటప్పుడు కోదాడ మీదుగ వచ్చిండ్రట. చెప్పకుండ పోయిండ్రు కాబట్టి చూసింది. గోడల మీద నీటి గీత, ఫ్రిజ్‌ల బట్టలు. డబ్బులిస్త అంటే చిన్నామె కళ్ళనీళ్ళు పెట్టుకున్నదట, ఇక ఎత్తొద్దక్కా అని ఒట్టు పెట్టించుకున్నదట.

"నాకన్న చెప్పకపోతివి."

"ఒట్టు పెట్టించుకుంది కద అక్కా." కొంచెంసేపు ఊకుంది. "నీకు చెప్తే, డబ్బు చూపెట్టుకుంటున్న అనుకుంటవని."

ఏమనాలె. అనుకునేదాన్నే.

ఫ్రిజ్‌కు ఇద్దరం చెరిసగం వేద్దాం అన్న. తీసుకోదు అన్నది. అత్తమ్మ ఇచ్చినట్టు ఇప్పిద్దాం అన్న. వచ్చే నెల 16 నుంచి పెద్దగట్టు జాతర, అందరూ దురాజ్‌పల్లికి వస్తరు, అప్పుడు చెప్పిద్దాం అని ఆమె. అత్తమ్మకు అబద్ధం చెప్పుడు రాదు, నవ్వేస్తది. మరెట్ల? పింఛను పైసలు పోగేసిన అనమందాం. ఎన్నేండ్ల పింఛను అయితే ఫ్రిజ్ అయితదని చిన్నామె లెక్కలేయదా?

తేలలే. పొలం మాట ఆమె ఎత్తలే, నేనెత్తలే. అదట్లనే ఉంది.

పెట్టేసే ముందు అడిగింది, సింగిల్ డోరా, డబల్ డోరా అని. సింగిల్ చాలు, కూరగాయల డబ్బ పెద్దది ఉన్నది చూడు అన్న.